అత్తగారు ఎక్కాల్సిన అరుగు

కురాసకిలో వాన పడటం విశేషం కాదు, ఆగడమే విశేషం. ఆ ఊళ్ళో ఎండ కాస్తే కుక్కలు మొరుగుతాయి, ఎవరో కొత్తవాళ్ళు వచ్చారనుకుని. ముందు సముద్రం, వెనక కొండ. సముద్రం మీద బయల్దేరిన ప్రతి మబ్బూ వచ్చి ఆ కొండకి ఢీకొట్టుకుని, ఇక ముందుకి దారి లేక, మోసుకొచ్చిందంతా అక్కడే దింపుకుని ఖాళీ చేతులతో వెనక్కి పోతుంది. జపాన్‌లో ఆ ఇజు తీరంలో అన్ని ఊళ్ళదీ ఇదే వరస. కురాసకిది ఇంకాస్త ఎక్కువ.

అలాంటి ఊళ్ళో కన్‌జిరో తన ఇంటి అరుగు పీకేశాడు.

పీకిన రోజు ఎండ కాసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. మామూలుగా వాన పడుతూ ఉంటే అతను కాళ్ళు చాపుకుని టీ తాగుతూ ఉండేవాడు, అరుగూ దాని మానాన అది చెదలతో కాపరం చేస్తూ ఉండేది. ఎండ చూసేసరికి మనిషికి హుషారు వచ్చింది. గునపం తీశాడు. చాపలు పరిచిన గది ముందు ఆ స్తంభం నుంచి ఈ స్తంభం దాకా ఉన్న చెక్క అరుగంతా మధ్యాహ్నానికల్లా పొయ్యిలోకి పుల్లలైపోయింది. సాయంత్రానికి మబ్బు పట్టింది. ఇల్లు పళ్ళు ఊడిన నోరులా తెరుచుకుని ఉండిపోయింది. పెరట్లోంచి గదిలోకి ఎక్కాలంటే బీరు సీసాల పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కాలేసి ఎక్కాలి.

"ఎప్పటికి కడతావు?" అని అడిగింది భార్య సతొయె.

"రేపు ఎండొస్తే ఎల్లుండికి అయిపోతుంది" అన్నాడు కన్‌జిరో.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఎండే రాలేదు.

కన్‌జిరో వడ్రంగి కాదు. కొండ రోడ్డు మీద బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆ రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే బస్సుకీ కొండకీ మధ్య వేలెడు సందు, బస్సుకీ సముద్రానికీ మధ్య వేలెడు సందు మిగిలేవి. ఒకసారి బస్సుకీ కొండకీ మధ్య ఒక దోమ ఇరుక్కుని, కింద ఊరు వచ్చేదాకా బయటపడలేకపోయిందని చెప్పుకుంటారు. దోమకి ఏమీ కాలేదు. స్టీరింగు వదిలాక చేతులు ఊరికే ఉండలేక చెక్కపని పట్టుకున్నాడు. పని చక్కగానే చేస్తాడు. ఒక పలక పక్కన ఇంకో పలక పెడితే మధ్యలో నీళ్ళు కూడా అనుమతి అడిగి దిగాలి.

ఇంట్లో అత్తగారు కూడా ఉండేది, కినో అవ్వ. ఆవిడ రోజులన్నీ ఆ అరుగు మీదే గడిచేవి. అక్కడే కూర్చుని చిక్కుళ్ళు వలిచేది, అక్కడే కునుకు తీసేది, దారిన పోయేవాళ్ళని అక్కడి నుంచే తిట్టేది. అరుగు పోయాక దుప్పటి కప్పిన కుంపటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని లోపల కూర్చుంది.

"అయిందా నాయనా?" అనేది అల్లుడు కనబడ్డప్పుడల్లా.

"ఎండ రాగానే అత్తయ్యా."

"నువ్వు మొదలుపెట్టిన పని ఎప్పుడు ముగించావు గనక? నీ పెళ్ళిలో ఆచారానికి మూడు గిన్నెల సాకే సారా తాగాల్సి ఉంటే రెండు తాగి లేచావు."

చలికాలంలో ఆవిడ పోయింది. వయసైపోయి పోయింది, అరుగుకీ దానికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. సతొయె అమ్మ చెప్పులు తుడిచి బీరు పెట్టె పక్కన పెట్టింది. అదే కన్‌జిరోకి ముల్లులా ఉండిపోయింది.

వసంతం వచ్చేసరికి ఊరికి ఒక సంగతి తెలిసింది. కన్‌జిరో చిత్రిక పట్టుకుంటే వాన పడుతుంది. కొందరు మనుషులు ఎక్కడికి పోతే అక్కడికి వాన వెంటబెట్టుకు పోతారు. అలాంటివాణ్ణి వానమనిషి అంటారు అక్కడ. బడి పిల్లల విహారయాత్ర చెడిపోయినా, పెళ్ళిలో పెళ్ళికూతురి ముసుగు తడిసినా, వచ్చినవాళ్ళలో వానమనిషి ఎవరా అని వెతుకుతారు. అయితే మిగతా వానమనుషులకి వాన అప్పుడో ఇప్పుడో తప్పేది. కన్‌జిరోకి తప్పలేదు. చెక్కలు బయటికి తెచ్చాడంటే మబ్బు. గుర్రపుకాళ్ళ బల్ల మీద పలక పెట్టాడంటే చినుకు. చిత్రిక ఒక్కసారి సర్రున లాగాడంటే ఇక కుండపోతే.

ముందు పసిగట్టింది పక్కింటి హత్సు. చేపలు చీల్చి ఉప్పు రాసి వలల మీద ఎండబెట్టి బతికే మనిషి. చిత్రిక చప్పుడు వినబడగానే వలలు లోపలికి లాగేసేది. టీవీలో వాతావరణం చెప్పే పిల్ల ఎండ అంటున్నా సరే.

"టీవీ పిల్ల టోక్యోలో ఉంటుంది, కన్‌జీ తమ్ముడు ఇక్కడున్నాడు. నేనెవర్ని నమ్మాలి?" అనేది.

తర్వాత పేట పెద్ద ఇనొమతా వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, టోపీ తీసి, మూడుసార్లు వంగాడు. మూడుసార్లు వంగితే విషయం పెద్దదని అర్థం.

"కన్‌జిరో గారూ, తమరు చెక్కపని పెట్టుకునే రోజు ముందుగా చెబితే, పొద్దున్న మైకులో ఊరికి చెప్పేస్తాం. బట్టలారేసుకునే ఆడవాళ్ళు అడుగుతున్నారు."

"నేనేమన్నా వరుణదేవుణ్ణా?"

"అబ్బే, అంత మాట మేమనలేదు. దేవుడైతే ఒక్కోసారి తప్పుతాడు."

దాంతో రోజూ పొద్దున్న ఆరింటికి ఊరి మైకులో వేసే పాట అయ్యాక ఒక ముక్క వచ్చేది: "ఈ రోజు కన్‌జిరో గారు చెక్క ముట్టుకోరు. దుప్పట్లు ఉతుక్కోవచ్చు."

ఆ తర్వాత కొండ మీద నారింజ తోటల షింపచి వచ్చాడు. కన్‌జిరోతో ఒకే బల్ల మీద చదువుకున్నవాడు, కాబట్టి వంగడాలూ టోపీలూ లేవు.

"ఒరేయ్, చెట్లకి నీళ్ళు చాలట్లేదురా. బుధవారం ఒక పలక చిత్రిక పట్టు."

"బుధవారం హత్సక్క చేపలు ఆరేసుకుంటోందట."

"అయితే గురువారం. మరీ ఎక్కువొద్దు. ఒక నాలుగు లాగుళ్ళు లాగి ఆపెయ్. పోయినసారి నువ్వు రంపం కూడా తీశావు, నా గట్టు తెగిపోయింది."

అలా కన్‌జిరో ఇంటి పని ఊరి చేతిలోకి పోయింది. ఊరికి ఎండ కావాల్సిన రోజు అతను చెక్క ముట్టుకోకూడదు. వాన కావాల్సిన రోజు ముట్టుకోవచ్చు గానీ, ముట్టుకోగానే వాన, వానలో పని సాగదు. నాలుగు లాగుళ్ళు, గొడుగు, ఇంట్లోకి పరుగు. ఈ లెక్కన ఒక్క పలక ఒక వైపు నునుపు తేలడానికి వసంతం మొత్తం పట్టింది. పునాది రాళ్ళూ, వాటి మీద పొట్టి కాళ్ళూ, కాళ్ళ మీద అడ్డదూలమూ మాత్రం ఆ వానలోనే నిలబెట్టాడు. వాటి పైన అరుగు ఉండాల్సిన చోట గాలి ఉంది.

ఆగస్టు వచ్చింది. బోన్ పండగ దగ్గరపడింది. చనిపోయినవాళ్ళంతా ఇళ్ళకి చుట్టపుచూపుగా వచ్చి, పదమూడున దిగి పదహారున వెళ్ళిపోయే పండగ. కిందటి పండగ తర్వాత పోయినవాళ్ళకైతే అది మొదటి రాక. దానికి మర్యాద ఎక్కువ.

సతొయె వంటింట్లో బియ్యం కడుగుతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"అమ్మ మొదటిసారి వస్తోంది. ఎక్కడ దిగుతుంది?"

కన్‌జిరో పేపరు కాస్త పైకెత్తాడు.

"నిన్నే అడుగుతున్నా. దోసకాయకి పుల్లల కాళ్ళు గుచ్చి గుర్రం చేసి పెడతాను, దాని మీద వస్తుంది. పెరట్లో స్వాగతం మంట వేస్తాను, దాన్ని చూసి వస్తుంది. వచ్చాక? బీరు పెట్టె మీద కాలేసి ఎక్కుతుందా? ఆ మోకాళ్ళతో?"

"పోయినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులుండవే."

"నువ్వు పోయి చూసొచ్చావా?"

కన్‌జిరో పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఊళ్ళో అందరి అమ్మలూ అరుగు మీద దిగి లోపలికి నడిచొస్తారు. మా అమ్మ ఒక్కతీ పెరట్లో నిలబడి, 'అయిందా నాయనా' అని అడిగి, గుర్రం తిప్పుకుని పోతుంది. పోతే మళ్ళీ ఏడాదికి." సతొయె బియ్యం నీళ్ళు వంచేసింది. "నాకు ఇంకేం అక్కర్లేదు. పదమూడు సాయంత్రానికి మా అమ్మ కాలు పెట్టడానికి అరుగు ఉండాలి."

సరిగ్గా ఆ సాయంత్రమే ఇనొమతా మళ్ళీ వచ్చి, ఈసారి అయిదుసార్లు వంగాడు.

"పండగ దాకా చెక్క ముట్టుకోవద్దని ఊరంతా బతిమాలుతోంది. సమాధులు కడుక్కోవాలి, ఆటస్థలంలో పండగ నాట్యానికి ఢోలు మంచె కట్టాలి, ఆడవాళ్ళు పాత దుస్తులు ఎండకి వెయ్యాలి. ఊళ్ళో పెద్దలందరూ వచ్చే రోజులు, పోయినవాళ్ళతో సహా."

ఇటు భార్య, అటు ఊరు. కన్‌జిరో బీరు పెట్టె మీద కూర్చుని చాలాసేపు ఆకాశం వంక చూశాడు. ఆకాశమూ అతని వంక చూసింది. అప్పుడు తట్టింది అతనికి. ఇది చూస్తోంది కదా, చూడకుండా చేస్తే సరి.

తెల్లారేసరికి చాప గదికి తుఫాను తలుపులు మూసేశాడు. చీలికల్లో గుడ్డలు కుక్కాడు. చాపల మీద పాత దుప్పట్లు పరిచి, చెక్కలన్నీ వంటింటి దారిన ఒక్కొక్కటే చేరేశాడు, పైన దుప్పటి కప్పి, జబ్బు మనిషిని మోసుకొస్తున్నట్టు. వానకి తడిసిన చెక్క కదా అని, ఆగస్టు నెలలో, తలుపులన్నీ మూసిన గదిలో, కిరసనాయిలు పొయ్యి ముట్టించాడు. చెక్క ఎండింది. అతను ఉడికాడు.

చిత్రిక చేతిలోకి తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగు లాగాడు. చెవి పెట్టి విన్నాడు. బయట కీచురాళ్ళు అరుస్తున్నాయి. ఇంకో లాగు లాగాడు. ఎండ. ఇంకోటి. ఎండ, ఎండ, ఎండ. కురాసకి పుట్టినప్పటి నుంచీ అన్ని ఎండలు వరసగా కాయలేదు. కుక్కలకి మొరిగి మొరిగి గొంతు పోయింది. ఊరు సమాధులు కడుక్కుంది, మంచె కట్టుకుంది. మైకులో "కన్‌జిరో గారికి కృతజ్ఞతలు" అని కూడా చెప్పారు, అతను చెక్క ముట్టుకోవడం లేదనుకుని.

భోజనానికి బయటికొస్తే మనిషి ఉడకబెట్టిన ఆక్టోపస్‌లా ఎర్రగా ఉండేవాడు.

"తమ్ముడికి జ్వరమా?" అని హత్సు గోడ మీంచి అడిగింది.

"పని మానేసిన బెంగ" అంది సతొయె మొహం మార్చకుండా.

పదమూడో తేదీకి అరుగు తయారైంది, గదిలోపలే, ఒకే ముక్కగా. కింద రెండు పొడుగు దూలాలు, వాటి మీద అడ్డంగా పొట్టి పలకలు, హార్మోనియం మెట్లలాగా ఒకదాని పక్కన ఒకటి, ఈ కొస నుంచి ఆ కొస దాకా. పలకకీ పలకకీ మధ్య వెలుతురు కూడా దూరదు. పొడుగు సరిగ్గా రెండు స్తంభాల మధ్య జాగా అంత, అటూ ఇటూ ఒక్కో వెంట్రుక తక్కువ. జరుపుడు తలుపులు ఊడదీసి, కింద వెదురు బొంగులు వేసి, బయటికి దొర్లిస్తే, బయట సిద్ధంగా ఉన్న దూలం మీద కూర్చుంటుంది. గడియారం డబ్బా లోంచి గడియారం తీసినట్టు.

పొద్దున్నే మనుషుల్ని పిలిచాడు. షింపచి వచ్చి గదిలో అరుగు చూసి, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఒరేయ్, నువ్వు మమ్మల్ని మోసం చేశావు" అన్నాడు చివరికి.

"ఆకాశాన్ని చేశాను. మీరు దార్లో ఉన్నారు."

ఇనొమతా వంగలేదు. చూస్తూ నిలబడ్డాడు. చెక్క ముట్టుకోవడం లేదని ఊరంతటికీ చెప్పి ఉన్నాడు మరి. అయినా కినో అవ్వ మొదటి రాక అనేసరికి ఆయనా చొక్కా చేతులు పైకి మడిచాడు. నలుగురు లోపల, నలుగురు బయట.

తలుపులు ఊడదీశారు.

ఆకాశం చూసింది.

అది ఎంత అవమానపడిందో, ఉరుము కూడా లేకుండా మొదలుపెట్టింది. మామూలు వాన పైనుంచి పడుతుంది. ఇది పక్క నుంచి వచ్చింది, కొంత కింద నుంచి కూడా వచ్చిందని హత్సు ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది. కాస్త తగ్గాక తోద్దాం అన్నారు. అన్నం ముద్దలు తిన్నారు, టీ తాగారు, మళ్ళీ టీ తాగారు. తీసిన తలుపులు మళ్ళీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. అంతసేపూ కిరసనాయిలు పొయ్యి దగ్గర ఎండుచేపలా ఎండిన ఆ చెక్క, వచ్చిన తేమనంతా నోరు తెరుచుకుని తాగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక వాన ఒక పిసరు తగ్గింది. "ఒకటి, రెండు, హెయ్" అని తోశారు. అరుగు కదిలింది. వెదురు మీద చక్కగా దొర్లింది. సగం బయటికి వచ్చింది. అక్కడ "కిచ్" మని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

మళ్ళీ తోశారు. స్తంభాలు మూలిగాయి. వెనక్కి లాగారు. వెనక్కీ రాలేదు. సగం చాప గదిలో, సగం పెరట్లో, గుమ్మంలో ఇరుక్కున్న గేదెలా నిలబడిపోయింది.

షింపచి వంగి స్తంభం దగ్గర చూశాడు. వెంట్రుక సందు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఒరేయ్, పలకకీ పలకకీ మధ్య సందు వదల్లేదా?"

"సందా? ఎందుకు వదుల్తాను? నా పనిలో సందు ఉంటుందా?"

వానలో నిలబడ్డ నలుగురూ, లోపలున్న మిగతా ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"తడిస్తే చెక్క ఉబ్బుతుందిరా, అడ్డంగా" అన్నాడు షింపచి, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "ఒక్కో పలక గోరంత ఉబ్బినా, ఇన్ని పలకలకి ఎంతవుతుంది? ఈ ఊళ్ళో పుట్టిన ఎవడన్నా సందు లేకుండా అరుగు వేస్తాడా? పోనీ మాకో మాట చెప్పావా? తలుపులు మూసుకుని కూర్చుంటివి."

"బస్సు ఉబ్బదు" అన్నాడు కన్‌జిరో. అది తన తరఫున అతను చెప్పుకున్న వాదన మొత్తం.

సుత్తి తీసుకుని వంటింటి దారిన పెరట్లోకి పోయి ఆ పక్కా ఈ పక్కా కొట్టాడు. భుజం పెట్టాడు. కాళ్ళు జారి మొహమంతా బురద అయింది. సాయంత్రం అవుతోంది. ఊళ్ళో అక్కడక్కడ పెరళ్ళలో మంటలు వెయ్యడానికి చూరు కింద ఆడవాళ్ళు తంటాలు పడుతున్నారు. కన్‌జిరో సుత్తి కింద పడేశాడు.

"ఇక నా వల్ల కాదు" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి పడీ పడగానే వాన ఆగింది, కుళాయి కట్టేసినట్టు. పడమట మబ్బు చీలి ఎర్రటి వెలుగు వచ్చింది. సాయానికి వచ్చినవాళ్ళు ఆ వెలుగులో కాళ్ళు కడుక్కుని, పండగ కదా అని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. లోపలున్నవాళ్ళు వంటింటి దారిన పోయారు.

సతొయె మట్టి మూకుట్లో జనపపుల్లలు పేర్చి పెరట్లో మంట వేసింది. దోసకాయ గుర్రం తెచ్చి, బయటికి వచ్చిన సగం అరుగు మీద పెట్టింది. కన్‌జిరో బురద మొహంతో చింతచెట్టు దయ్యంలా పక్కన నిలబడ్డాడు. అతనికి చెయ్యాల్సిన పని ఇంకేం మిగల్లేదు, చెప్పాల్సిన మాట ఒకటే మిగిలింది.

"మీ అమ్మ వెనక్కి పోతే, అది నా వల్లే" అన్నాడు.

సతొయె అరుగు వంక చూసింది. తర్వాత వెళ్ళి దాని బయటి అంచు మీద, అమ్మ కూర్చునే పద్ధతిలో, పెరటి వైపు కాళ్ళు వేలాడేసి కూర్చుంది. చెప్పులు విడిచింది. చేతులు ఆనించి, కూర్చున్నదల్లా కూర్చున్నట్టే గిర్రున తిరిగింది. కాళ్ళు గది వైపు వచ్చాయి. కాస్త ముందుకి జరిగి దింపింది. పాదాలు నేరుగా చాప మీద ఆనాయి.

మళ్ళీ బయటికి తిరిగింది. మళ్ళీ లోపలికి తిరిగింది.

"ఎక్కక్కర్లేదు" అంది. "నడవనూ అక్కర్లేదు. కూర్చుంటే చాలు, లోపలికొచ్చేస్తుంది."

"బాగుందా?" అన్నాడు కన్‌జిరో, భయపడుతూ.

"మోకాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళకి బాగుంది." చెక్క మీది తడి చేత్తో తుడిచి, "నువ్వు కావాలని ఇలా కట్టావని చెబుతాలే" అంది. మంట వైపు తిరిగి గొంతు పెంచింది. "రా అమ్మా. తిన్నగా వచ్చి కూర్చో. కాళ్ళు అల్లుడే లోపలికి తిప్పుతాడు."

ఆ మూడు రోజులూ దాన్ని ఎవరూ కదపలేదు. భోజనాల వేళ అవ్వ వాటా అన్నం ఆ అరుగు మీదే పెట్టారు. ఎండలు దంచికొట్టాయి. పదహారు సాయంత్రం సతొయె వంకాయ ఆవుకి పుల్లలు గుచ్చి పెట్టింది. వచ్చేటప్పుడు తొందరగా రావాలని గుర్రం, పోయేటప్పుడు నెమ్మదిగా పోవాలని ఆవు. వీడ్కోలు మంట వేసి, ఇద్దరూ వీధి చివరిదాకా నడిచి, చేతులు జోడించి, వెనక్కి తిరిగారు.

ఇంటి వైపు నుంచి "దబ్" మని ఒక చప్పుడు వినిపించింది.

పరుగున వచ్చి చూశారు. గదిలో వెదురు బొంగులు మాత్రం ఉన్నాయి. అరుగు మొత్తంగా బయట, దూలం మీద, ఉండాల్సిన చోట కూర్చుని ఉంది.

"అమ్మే" అంది సతొయె. "పోతూ పోతూ తోసేసి పోయింది. నువ్వు సగంలో వదిలిన పని ఏదీ చూస్తూ ఊరుకునేది కాదు."

"ఎండకి చెక్క ముడుచుకుంది" అన్నాడు కన్‌జిరో.

"ముడుచుకుంటే వదులవుతుంది. నడిచి బయటికి పోతుందా?"

కన్‌జిరో వెదురు బొంగుల వంక చూశాడు. గది నేల వాలు ఎటుందో చూశాడు. ఆ వాలు లోపలి వైపే ఉంది. వంగి, ఒక కన్ను మూసి, అరుగు అంచు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు.

"ఎడమ పక్క వేలెడు వంకరగా పెట్టింది" అన్నాడు.

సతొయె వచ్చి అరుగు మీద కూర్చుంది.

"వచ్చే ఏడు వస్తుందిగా," అంది, "నువ్వే చెప్పుకో."